హాజరు పట్టీలో పూర్తి పేరు: మన గృహములలో బిడ్డల పెంపకపు చరిత్ర

శతవార్షికోత్సవ సంచికలలో దేవాలయములను గురించి, ఆసుపత్రులను గురించి, బిషప్పుగార్లను గురించి పెద్దలు వ్రాస్తారు. అవి వ్రాయవలసినవే. నేను మాత్రము బిడ్డల పెంపకమును గురించి వ్రాస్తానని అడిగి ఈ పుటలు తీసుకున్నాను. గృహదర్శనమునకు వెళ్లినప్పుడు ఈ రోజులలో తల్లిదండ్రులు మొదట కోరే ప్రార్థన రోగము కొరకు కాదు, అప్పు కొరకు కాదు, బిడ్డ కొరకు. “అయ్యగారూ, పిల్లవాడు నలుగురిలో నోరు విప్పడు.” “అమ్మాయి గది దాటి రాదు, ఫోను దింపదు, ఒక మాట అంటే ఏడుపు.” ఈ కష్టము మన తరముతోనే పుట్టినట్లు మాట్లాడుకుంటాము. మన సంఘ చరిత్ర తిరగవేస్తే అలా కనబడదు.

1912 డిసెంబరు 29న కలకత్తాలో వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు దోర్నకల్ బిషప్పుగా అభిషేకము పొందారు. ఆంగ్లికన్ సంఘములో ఒక భారతీయుడు బిషప్పు కావడము అదే మొదలు. 1945 జనవరి 1న ఆయన ప్రభువునందు నిద్రించే నాటికి ఆ అధ్యక్ష ఖండములో విశ్వాసుల సంఖ్య రెండు లక్షలు దాటింది. ఈ లెక్క మనము ప్రతి ఉత్సవములోనూ చెప్పుకుంటాము. అందులో బిడ్డలు ఎటువంటి ఇండ్లలో పెరిగారన్నది మాత్రము అంతగా చెప్పుకోము.

వారిలో ఎక్కువమంది మాలపల్లెల బిడ్డలు, మాదిగపల్లెల బిడ్డలు. తండ్రి పాలేరు, తల్లి కూలి. చీకటితో పోయి చీకటితో వచ్చేవారు. పిల్లవానికి ఏడెనిమిదేండ్లు రాగానే ఆసామి గొడ్ల వెంట పంపేవారు. ఊరిలో వానికి పేరు లేదు. “ఒరేయ్” అన్నదే పేరు, లేదా ఫలానావాడి కొడుకు. పెద్ద వీధిలో చెప్పులు తొడగరాదు. ఎదుట నిలబడి కన్నెత్తి మాట్లాడరాదు. తలవంచడము ఆ బిడ్డకు నేర్పినది ఆసామి కాదు, కన్న తండ్రి. ప్రేమ లేక కాదు. తల ఎత్తితే బిడ్డ దెబ్బలు తింటాడని. భయము నేర్పడమే ఆనాటి పెంపకము, అదే ఆనాటి జాగ్రత్త.

ఆ పల్లెలోనికి సంఘము పంతులుగారిని పంపింది. పగలు గొడ్లు కాసిన పిల్లలు రాత్రి కిరసనాయిలు బుడ్డి చుట్టూ కూర్చుండేవారు. దానికే రాత్రిబడి అని పేరు. పంతులుగారు చేసిన మొదటి పని అక్షరము నేర్పడము కాదనుకుంటాను, హాజరు పట్టీలో బాప్తిస్మపు పేరు పూర్తిగా వ్రాసి దానిని బిగ్గరగా పిలవడము. మా నాయనమ్మను ఇంటిలో “బుడ్డీ” అనేవారట. బడిలో ఆమె పేరు పిలిచిన మొదటి రాత్రి, ఎవరినో పిలుస్తున్నారని వెనక్కు తిరిగి చూచిందట. ఈ మాట ఆమె ఎనుబదేండ్ల వయస్సులో కూడా నవ్వుకుంటూ చెప్పేది.

పేరు తరువాత కంఠత వాక్యము. ఆదివారము ఆరాధనలో బిడ్డ ముందుకు వచ్చి, చేతులు కట్టుకొని, గొంతెత్తి చెప్పాలి. తప్పితే పంతులమ్మగారు అందించేవారు. సంఘమంతా వినేది. క్రిస్మసు నాటకములో నిన్నటి గొడ్లకాపరి హేరోదు రాజై గద్దె మీద కూర్చుండేవాడు. ఊరు మొత్తములో ఆ బిడ్డ నిలబడి మాట్లాడగల స్థలము అదొక్కటే. ఇంగ్లండులో రాబర్ట్ రెయిక్సుగారు 1780లో గ్లోస్టరు పట్టణమందు సండే స్కూలు మొదలుపెట్టినప్పుడు కూడా వచ్చినవారు వారమంతా గుండుసూదుల కర్మాగారములలో పనిచేసి ఆదివారము వీధులలో తిరిగే బీదల పిల్లలే. మనము ఇప్పుడు రంగు కాగితములు అంటించే ఆటగా చేసికొన్న సండే స్కూలు ఆ విధముగా పుట్టింది.

తల్లుల సంగతి వేరుగా చెప్పాలి. మదర్స్ యూనియన్ 1876లో ఇంగ్లండులోని ఓల్డ్ ఆల్రెస్‌ఫర్డ్ అనే పల్లెలో ఒక పాస్టరమ్మగారు, మేరీ సమ్నరుగారు, మొదలుపెట్టారు. తన కుమార్తె తల్లి అయినప్పుడు, తాను చిన్నతనములో బిడ్డలను పెంచడానికి ఎంత దిగులుపడినదో జ్ఞాపకము చేసికొని, ఊరిలోని గొప్పింటి తల్లులను, బీద తల్లులను ఒక్కచోటికి పిలిచారు. తీరా అందరూ వచ్చిన తరువాత ఆమెకు నోట మాట రాలేదు. అందరినీ పంపివేసి మరుసటి వారము మరల రమ్మన్నారు. ఈ సంగతి చదివినప్పుడెల్లా నాకు ఓదార్పుగా ఉంటుంది. పెంపకమును గురించి మాట్లాడబోయి మూగబోయినవాడను నేనొక్కడినే కాను. దోర్నకల్ ఖండములో ఆ పనిని అజరయ్యగారి సతీమణి అన్బు మరియమ్మాళ్‌గారు నడిపించారు. నేటి స్త్రీల మైత్రి ఆ చెట్టు కొమ్మే.

చదువు రాని తల్లి ఏమి నేర్పగలదని అడిగేవారున్నారు. పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు పుస్తకము చూడకుండా పాడి బిడ్డలను నిద్రపుచ్చిన తల్లులను మనలో పెద్దవారందరూ ఎరుగుదురు.

ఇక బోర్డింగు. బిడ్డ పొలమునకు పోకుండా చదవాలంటే ఇంటినుండి దూరము చేయక తప్పలేదు. దోర్నకల్‌లో చదువుతో పాటు సేద్యము, చేతిపనులు కూడా నేర్పేవారు. చదివినవాడు తన పల్లెను చిన్నచూపు చూడకూడదని అజరయ్యగారి పట్టుదల. ఆయన కూడా తిరునెల్వేలి ప్రాంతములో పల్లెటూరి పాస్టరుగారి కుమారుడే. ఏండ్ల తరబడి కొడుకు కొరకు ప్రార్థించి కన్న తల్లి ఆయనను బహు క్రమముగా పెంచింది. బోర్డింగు లేకపోతే మనలో ఎంతమంది ఉపాధ్యాయులు, నర్సులు, గుమాస్తాలు, పాస్టర్లు ఉండేవారు? ఆ ఋణము కాదనలేము.

దానికి చెల్లించిన వెల ఉన్నది. ఎనిమిదేండ్ల వయస్సున మా నాయనమ్మను ఎద్దులబండి మీద బోర్డింగులో దింపి, వాళ్ల అమ్మ వెనక్కు చూడకుండా వెళ్లిపోయిందట. చూస్తే తీసికొనిపోవలసివస్తుందని. అక్కడినుండి గంట లేపింది, గంట గటక పెట్టింది, గంట ప్రార్థన చేయించింది, గంట పండుకోబెట్టింది. ఆమెకు పద్ధతి వచ్చింది, శుభ్రత వచ్చింది, ధైర్యము వచ్చింది. ఒడి మాత్రము రాలేదు. మా నాన్నగారు నవ్వుతూనే అనేవారు, “అమ్మ మమ్మల్ని గంట కొట్టి పెంచింది” అని. ఆమె బిడ్డలను కొట్టినప్పుడు ఎందుకు కొట్టిందో చెప్పేది, ముద్దుపెట్టుకోవడము మాత్రము ఎరుగదు. మన పాత క్రైస్తవ కుటుంబములలో ఇటువంటి తల్లిదండ్రులు చాలామంది. సామెతల గ్రంథములోని బెత్తము అందరికీ గుర్తున్నది. ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక ఆరవ అధ్యాయములో మొదటి వచనము బిడ్డలకు చదివి, తండ్రులకు చెప్పిన నాలుగవ వచనమునకు ముందే పుస్తకము మూసివేసేవారము. ఆరు నుండి పదునాలుగేండ్ల బిడ్డలను బడిలో కొట్టరాదని, మనస్సు నొప్పించరాదని 2009 నాటి విద్యా హక్కు చట్టము చెప్పవలసి వచ్చింది. ఆ మాట సంఘము ముందుగా చెప్పి ఉండవలసినది.

ఇప్పుడు పాలేరుతనము లేదు, ఎద్దులబండి లేదు. కాని పదవ తరగతి ఫలితములు రాగానే మనము మరల బిడ్డలను దూరముగా దింపి వస్తున్నాము. నేనూ దింపినవాడినే. మా పెద్దవానిని ఒక రెసిడెన్షియల్ జూనియర్ కళాశాలలో చేర్చాను. ఆదివారము పది నిమిషములు ఫోను ఇచ్చేవారు. అందులో తొమ్మిది నిమిషములు మార్కులే అడిగేవాడిని. ఒక ఆదివారము వాడన్నాడు: “నాన్నా, ఇక్కడ నన్ను నంబరుతోనే పిలుస్తారు.” ఆ సాయంత్రపు ఆరాధనలో నేను ఏమి ప్రసంగించానో నాకు జ్ఞాపకము లేదు. నాయనమ్మ హాజరు పట్టీ మాత్రము కండ్లముందు ఆడింది. రాత్రిబడి పంతులుగారు పేరు లేని బిడ్డకు పేరు ఇచ్చారు. పేరున్న బిడ్డను నేను డబ్బు కట్టి నంబరులో చేర్చాను. యేసు యెరూషలేములో తప్పిపోయినప్పుడు మరియ యోసేపులు ఆయన తమ గుంపులోనే ఉన్నాడనుకొని ఒక దినము ప్రయాణము సాగిపోయారు. నేను అర్ధ సంవత్సరము సాగిపోయాను.

వానిని ఇంటికి తెచ్చాను. “పాస్టరుగారి కొడుకే తట్టుకోలేకపోయాడు” అని కొందరన్నారు. అది నాతో పాటు వాడు కూడా విన్నాడు. మొదటి నెల భోజనమునకు మాతో కూర్చుండేవాడు కాదు. మా ఇంటావిడ ఏమీ అడగకుండా ప్రతి రాత్రి వానికి కంచము పెట్టి కూర్చుండేది. ఒకనాటి రాత్రి వచ్చి కూర్చున్నాడు. నేను మార్కుల మాట ఎత్తలేదు. ఎత్తకుండా ఉండడము ఎంత కష్టమో తండ్రులకు తెలుసు. ఇప్పుడు మన ఊరి కళాశాలకే పోతున్నాడు. సండే స్కూలు హాజరు పట్టీ వాని చేతిలో ఉన్నది.

ఈ సంవత్సరము ఈస్టరు మొదలుకొని మా పాస్టరేటులో పత్రిక పాఠమును బిడ్డల చేత చదివిస్తున్నాము. బాగా చదివేవారిని ఏరుకోకుండా, పట్టీలోని వరుస ప్రకారమే. ఆరవ తరగతి పిల్లవాడొకడు రోమా పత్రిక మధ్యలో ఆగిపోయి చెమటలు కక్కాడు. ముందు వరుసలో పెద్దలు దగ్గారు. వాని తల్లి తల దించుకొన్నది. ఎవరూ అందించవద్దని నేను చేతితో సైగ చేశాను. చాలాసేపటికి తేరుకొని చివరి వరకు చదివి, పుస్తకము మూసి, నా వైపు కాక వాళ్ల అమ్మ వైపు చూశాడు. ఇందువలన ఆరాధన పది నిమిషములు ఆలస్యమగుచున్నదని ఒక పెద్దమనిషి లిఖితపూర్వకముగా ఫిర్యాదు ఇచ్చారు. వచ్చే కమిటీలో అది చర్చకు వస్తుంది.