ఎవరెస్ట్ దారిలో మన డాలరు ఎక్కడ ఆగుతుంది?

మా అబ్బాయి చదువు పూర్తయి ఉద్యోగంలో చేరే ముందు రెండు వారాలు ఖాళీ దొరికింది. ఎటైనా వెళ్దామంటే వాడు ఎవరెస్ట్ బేస్ క్యాంపు అన్నాడు. అలా ఓ అక్టోబరులో నేను, మా ఆవిడ, వాడు డాలస్ నుంచి కాఠ్‌మాండూ చేరాం. ఈమధ్య మన అసోసియేషన్ పిక్నిక్‌లలో ఈ ట్రెక్ గురించి అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. ఎంత చలి, ఎంత ఖర్చు, మోకాళ్ళు తట్టుకుంటాయా అని అడుగుతారు. ఆ ఖర్చు ఎవరికి చేరుతుందని మాత్రం ఎవరూ అడగరు. వెళ్ళక ముందు నేనూ అడగలేదు. అక్కడ చూసినవి, ఆ తర్వాత చదివి తెలుసుకున్నవి కలిపి రాస్తున్నాను.

లుక్లాలో నేను చేసిన తప్పు

లుక్లా విమానంలో మనిషికి 15 కిలోల సామానే అనుమతి. మేము ముగ్గురం మూడు సంచులూ నిండా తెచ్చుకున్నాం. అందులో ఆవకాయ సీసా, కందిపొడి, పులిహోర పేస్టు కూడా ఉన్నాయి. ఏజెన్సీ వాళ్ళు ఇద్దరు పోర్టర్లు కావాలన్నారు. ఒక్కరు చాలదా అని నేను బేరమాడాను. వాళ్ళు సరేనన్నారు. దాంతో నాకు మిగిలింది రోజుకు సుమారు 20 డాలర్లు.

లుక్లాలో దిగాక ఓ పాతికేళ్ళ కుర్రాడు మా మూడు సంచులూ కలిపి తాడుతో కట్టి, ఆ తాడు పట్టీని నుదుటికి తగిలించుకుని లేచి నిలబడ్డాడు. పైన తన చిన్న సంచి వేసుకున్నాడు. రెండు గంటలు నడిచాక మా గైడు అతన్ని ఆపి, బరువు చేత్తో ఎత్తి చూసి, నా దగ్గరికి వచ్చి మెల్లిగా చెప్పాడు: "దాయ్, 30 కిలోలు దాటకూడదు. ఇది 40 పైనే ఉంది." నేపాలీలో దాయ్ అంటే అన్న. ఆ మాటలో కోపం లేదు. అందుకే నాకు ఇంకా సిగ్గేసింది. ఫాక్డింగ్‌లో రెండో పోర్టర్ని మాట్లాడుకున్నాం.

ఆ రాత్రే మరో సంగతి తెలిసింది. అవి దశైం రోజులు. మన దసరా వాళ్ళకు ఏడాదిలో అన్నిటికన్నా పెద్ద పండుగ. ఇంటి పెద్దల చేత నుదుట టీకా పెట్టించుకోవడానికి ఎక్కడెక్కడి వాళ్ళూ సొంతూరు చేరతారు. ట్రెక్కింగ్ సీజను కూడా సరిగ్గా అప్పుడే. ఆ కుర్రాడు పండుగకు ఇంటికి వెళ్ళకుండా మా సంచులు మోస్తున్నాడు.

షెర్పా అంటే ఉద్యోగం కాదు

మనలో చాలామంది షెర్పా అంటే బరువులు మోసే మనిషి అనుకుంటారు. షెర్పా అన్నది ఒక జాతి పేరు. ఎవరెస్ట్ కింద ఉన్న ఖుంబు లోయ వాళ్ళ సొంత గడ్డ. బంగాళాదుంపలు, బార్లీ పండించుకుంటూ, జడల బర్రెలు మేపుకుంటూ, నాంగ్‌పా లా కనుమ దాటి టిబెట్‌తో ఉప్పు, ధాన్యం వ్యాపారం చేసుకుంటూ బతికారు. నేపాల్ తలుపులు విదేశీయులకు మూసి ఉన్న కాలంలో యాత్రలు డార్జిలింగ్ నుంచి బయల్దేరేవి. పని కోసం షెర్పాలు అక్కడికి వలస వెళ్ళేవారు. టెన్జింగ్ నార్గే అలా వెళ్ళినవాడే. 1953 మే 29న ఆయన, ఎడ్మండ్ హిల్లరీ శిఖరం చేరారు. ఆ తర్వాత కొన్నేళ్ళకే టిబెట్ సరిహద్దు వ్యాపారం దెబ్బతింది. అదే సమయంలో కొండ ఎక్కేవాళ్ళు రావడం మొదలైంది. 1964లో కర్నల్ జిమ్మీ రాబర్ట్స్ కాఠ్‌మాండూలో మౌంటెన్ ట్రావెల్ పెట్టి, మామూలు మనుషులు కూడా డబ్బు కట్టి నడిచే ట్రెక్కింగ్‌కు దారి వేశారు.

ఈ రోజు దారిలో మన సంచులు మోసే పోర్టర్లలో షెర్పాలు తక్కువ. రాయ్, తమాంగ్, మగర్ లాంటి జాతుల వాళ్ళే ఎక్కువ. దిగువ కొండల పేద గ్రామాల నుంచి సీజనుకు వస్తారు. మా కుర్రాడూ రాయ్‌యే. ఈ తేడా తెలిస్తేనే డబ్బు లెక్క అర్థమవుతుంది.

పర్మిట్ డబ్బు ఎటు వెళ్తుంది

వార్తల్లో ఎప్పుడూ కనిపించేది శిఖరం ఎక్కే పర్మిట్ ధర. నేపాల్ వైపు నుంచి వసంతంలో ఎవరెస్ట్ ఎక్కడానికి విదేశీయుడు కట్టాల్సింది చాలా ఏళ్ళు 11,000 డాలర్లు ఉండేది. 2025 సెప్టెంబరు నుంచి 15,000 అయింది. శరదృతువులో 7,500, మిగతా కాలాల్లో 3,750. 2023 వసంతంలో 478 పర్మిట్లు ఇచ్చారు. అప్పటికి అదే రికార్డు. అంటే ఒక్క ఎవరెస్ట్ మీదే 50 లక్షల డాలర్లకు పైగా వచ్చింది.

ఈ సొమ్ము కాఠ్‌మాండూలోని పర్యాటక శాఖకు వెళ్తుంది. పర్వతారోహణ రాయల్టీలో సగం కేంద్రానికి, పావు ప్రదేశ్ ప్రభుత్వానికి, పావు స్థానిక పాలక సంస్థలకు పంచాలని 2017 చట్టం చెబుతోంది. ఊళ్ళకు కొంత చేరుతుందన్నమాట, కానీ నేరుగా ఏ ఇంటికీ చేరదు.

ఇంకో డబ్బు ఉంది, వార్తల్లోకి రానిది. శిఖరానికి వెళ్ళేవాళ్ళు ఏడాదికి కొన్ని వందల మంది. సగర్‌మాథా జాతీయ పార్కులోకి నడిచి వచ్చే విదేశీయులు మంచి సంవత్సరాల్లో 50 వేలకు పైనే. ఆ నడిచేవాళ్ళు తినే పప్పన్నం, పడుకునే మంచం, మోయించే సంచి, ఇవి ఊరి జీవనాధారం.

మోంజో గేటు దగ్గర పార్కు రుసుము కడుతుంటే ఓ సంగతి గమనించాను. సార్క్ దేశాల పాస్‌పోర్టుకు 1,500 నేపాలీ రూపాయలు, మిగతా విదేశీయులకు 3,000. నాదింకా భారత పాస్‌పోర్టు, మా వాడిది అమెరికాది. ఒకే ఇంట్లో రెండు ధరలు! 1976లో ఏర్పడిన ఈ పార్కు 1979లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. నేపాల్ బఫర్ జోన్ నిబంధనల ప్రకారం పార్కు ఆదాయంలో 30 నుంచి 50 శాతం చుట్టుపక్కల ఊళ్ళ పనులకే ఖర్చు పెట్టాలి.

పైకి వెళ్ళే కొద్దీ టీ ధర ఎందుకు పెరుగుతుంది

లాడ్జిలో గది చాలా చవక. ఆ ధరకు ఇస్తున్నందుకు భోజనం కూడా వాళ్ళ దగ్గరే చేయాలన్నది అక్కడి ఆనవాయితీ. మేము సొంత సరుకులు తీసి, వేడినీళ్ళు మాత్రం అడుగుతుంటే నామ్చేలో లాడ్జి నడిపే దిదీ నవ్వి ఊరుకుంది. దిదీ అంటే అక్క. ఆమెకు మిగిలేది భోజనం మీదేనని మర్నాడు గైడు చెప్పాడు. అప్పటి నుంచి రెండు పూటలా దాల్ భాత్ తిన్నాం, ఆవకాయ నంజుకుని. దాల్ భాత్ అంటే మన పప్పన్నం, కూరే. అన్నం, పప్పు అడిగినంత మళ్ళీ వడ్డిస్తారు.

లుక్లా దాటాక జీపులు, లారీలు ఉండవు. గ్యాస్ సిలిండరు, బియ్యం బస్తా, కోడిగుడ్ల అట్ట ఏదైనా మనిషి వీపు మీదో, కంచర గాడిద మీదో, జడల బర్రె సంకరజాతి పశువు మీదో పైకి చేరాలి. నామ్చే 3,440 మీటర్లు, బేస్ క్యాంపు 5,364 మీటర్లు. పైన టీకి మనం ఎక్కువ ఇచ్చే డబ్బులో ఆ మోత కూలి ఉంటుంది. అక్కడ బేరమాడితే కోసేది ఆ కూలినే.

కొండ ఇచ్చినవి, కొండ తీసుకున్నవి

ఈ వ్యాపారం ఖుంబుకు చేసిన మేలు కళ్ళకు కనిపిస్తుంది. హిల్లరీ మొదలుపెట్టిన హిమాలయన్ ట్రస్టు 1961లో ఖుంజుంగ్‌లో బడి కట్టింది. 1964లో లుక్లా విమానాల దిగుబాటు స్థలం, 1966లో ఖుండేలో ఆసుపత్రి వచ్చాయి. ఒకప్పుడు విదేశీ కంపెనీల కింద పనిచేసిన వాళ్ళ పిల్లలే ఇప్పుడు కంపెనీలు నడుపుతున్నారు. 2021 జనవరి 16న చలికాలంలో కె2 శిఖరాన్ని మొదటిసారి ఎక్కిన 10 మందీ నేపాలీలే. థామే ఊరివాడైన కామి రీటా షెర్పా 2025 మే నాటికి 31 సార్లు ఎవరెస్ట్ ఎక్కారు. ఎత్తులో పనిచేసే షెర్పా ఒక్క సీజనులో కొన్ని వేల డాలర్లు సంపాదిస్తాడు. తలసరి ఆదాయం ఏడాదికి సుమారు 1,500 డాలర్లే ఉన్న దేశంలో అది చాలా పెద్ద మొత్తం.

దానికి కట్టే వెల కూడా పెద్దదే. 2014 ఏప్రిల్ 18న ఖుంబు మంచుపాతంలో మంచు పెళ్ళలు విరిగిపడి 16 మంది నేపాలీ పనివాళ్ళు చనిపోయారు. తక్షణ సాయంగా ప్రభుత్వం ప్రకటించింది ఒక్కో కుటుంబానికి 40,000 నేపాలీ రూపాయలు, అంటే 400 డాలర్ల చిల్లర. షెర్పాలు పని ఆపేశారు. ఆ సీజను ఆగిపోయింది. ఆ తర్వాతే తప్పనిసరి జీవిత బీమా 10 లక్షల నుంచి 15 లక్షల నేపాలీ రూపాయలకు పెరిగింది. మరుసటి ఏడు ఏప్రిల్ 25 భూకంపంలో బేస్ క్యాంపు మీదికే మంచు విరుచుకుపడింది. 2020లో కరోనా. 2024 ఆగస్టులో పైనున్న హిమానీ సరస్సు నీరు పొంగి థామేలో ఇళ్ళు, బడి, ఆరోగ్య కేంద్రం కొట్టుకుపోయాయి. ఒకే పంట మీద బతికే రైతుకు వాన రాకపోతే ఏమవుతుందో మన ఊళ్ళలో చూశాం. ఒకే వ్యాపారం మీద బతికే లోయ పరిస్థితీ అదే.

మన తెలుగు వాళ్ళ చరిత్ర కూడా ఆ 2014తో ముడిపడి ఉంది. ఆ ఏడాది మే 25న నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా అబ్బాయి సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కారు. సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు, భువనగిరి గుట్ట మీద మొదటి పాఠాలు నేర్చుకున్నవాళ్ళు. పూర్ణకు అప్పటికి 13 ఏళ్ళ 11 నెలలు. నేపాల్ 16 ఏళ్ళ లోపు వాళ్ళను అనుమతించదు కాబట్టి టిబెట్ వైపు నుంచి వెళ్ళారు. ఇవతలి వైపు 16 ఇళ్ళలో దుఃఖం నిండిన నెల రోజులకే అవతలి వైపు మనకు సంబరం వచ్చింది. ఆ విజయానికి మనం గర్వపడాలి, ఆ 16 మందినీ గుర్తుంచుకోవాలి.

చెత్త, రద్దీ

వచ్చే డబ్బుతో పాటు చెత్తా వస్తుంది. 1991లో స్థానికులు పెట్టుకున్న సగర్‌మాథా కాలుష్య నియంత్రణ కమిటీ ఇటు చెత్త పని చూస్తుంది, అటు మంచుపాతంలో నిచ్చెనలు, తాళ్ళు అమర్చే బృందాన్నీ నడుపుతుంది. ఎవరెస్ట్ జట్టు 4,000 డాలర్లు డిపాజిట్ కట్టి, మనిషికి 8 కిలోల చెత్త కిందికి తెస్తేనే తిరిగి తీసుకోవాలన్న నిబంధన 2014లో వచ్చింది. జనం ఒకే కొండ మీద పడకుండా, పడమటి నేపాల్‌లోని కర్ణాలీ, సుదూరపశ్చిమ్ ప్రాంతాల్లో 97 శిఖరాలకు రెండేళ్ళ పాటు రుసుము తీసేస్తున్నట్టు 2025లో ప్రకటించారు. నేపాల్‌లో అతి పేద ప్రాంతాలవి. అక్కడా నాలుగు లాడ్జిలు లేవాలని ఆశ.

మీరు వెళ్తే

ఇవి నా తప్పుల నుంచి నేర్చుకున్నవి.

ఒకటి, ఇద్దరికి ఒక పోర్టరు. బరువు 30 కిలోలు దాటకుండా మీరే చూడండి. పచ్చడి చిన్న డబ్బాలో చాలు.

రెండు, ఏజెన్సీని ముందే అడగండి: పోర్టరుకు బీమా ఉందా? వెచ్చని కోటు, బూట్లు ఉన్నాయా? రాత్రి ఎక్కడ పడుకుంటాడు? జవాబు తడబడితే వేరే చోటు చూసుకోండి.

మూడు, టిప్పు అందరికీ కలిపి ఒకరి చేతిలో పెట్టకండి. పోర్టరుది పోర్టరు చేతికే ఇవ్వండి. చివరి రోజుకు నేపాలీ రూపాయలు దాచుకోండి.

నాలుగు, పడుకున్న చోటే తినండి.

ఐదు, హెలికాప్టరు తరలింపు ఉన్న బీమా తీసుకోండి. కానీ అవసరం లేకపోయినా హెలికాప్టరు ఎక్కించి బీమా సొమ్ము లాగే మోసాలు 2018లో బయటపడ్డాయి. తలనొప్పి మొదలైతే ముందు ఆగండి, తగ్గకపోతే కిందికి దిగండి. ఊపిరి ఆడకపోయినా, అడుగులు తడబడినా మాత్రం ఆలస్యం చేయకండి.

ఆరు, వీసా. భారత పాస్‌పోర్టు వారికి అక్కర్లేదు. అమెరికా పాస్‌పోర్టు వారు కాఠ్‌మాండూలో దిగాక తీసుకోవచ్చు, 15 రోజులకు 30 డాలర్లు, 30 రోజులకు 50. కంగారుపడకుండా నడవాలంటే రెండోదే మేలు.

తిరిగి లుక్లా చేరిన సాయంత్రం ఆ కుర్రాణ్ణి అడిగాను, ఈ డబ్బు ఏం చేస్తావని. చెల్లెలి కాలేజీ ఫీజు అన్నాడు. తర్వాత తను ఖతార్ వెళ్ళాలనుకుంటున్నాడట, ఏజెంటుతో మాట్లాడాడట. మా నాన్న నన్ను చదివించడానికి ఏం అమ్మాడో, నేను ఎన్ని పండుగలకు ఇంటికి వెళ్ళలేదో గుర్తొచ్చాయి. న్యూయార్క్ క్వీన్స్‌లో ఇప్పుడు వేల మంది షెర్పాలు ఉన్నారు. పిల్లలు కొండ ఎక్కి బతకాల్సిన అవసరం లేకుండా చేయాలని కొండ దిగి వచ్చినవాళ్ళు వాళ్ళలో ఎందరో. మన ఊళ్ళు వదిలి మనం వచ్చిన కారణం ఇంతకన్నా వేరు కాదు.

బేరంలో నేను మిగుల్చుకోబోయింది రోజుకు 20 డాలర్లు. డాలస్‌లో మేము ముగ్గురం ఒక పూట టిఫిన్ చేసినా అంతకు ఎక్కువే అవుతుంది.