మనిషి గుణాన్ని నిఘంటువులో వెతికినవాళ్లు

1920లో వియన్నా నగరం. గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే అమెరికన్ కుర్రవాడు ఇస్తాంబుల్‌లో ఏడాదిపాటు పాఠాలు చెప్పి ఇంటికి తిరిగి వెళ్తూ, దారిలో మనోవిశ్లేషకుడు సిగ్మండ్ ఫ్రాయిడ్‌ను చూసిపోదామని ఉత్తరం రాశాడు. రమ్మని జవాబొచ్చింది. తీరా గదిలో కూర్చున్నాక ఫ్రాయిడ్ పెదవి విప్పలేదు. ఆ మౌనం భరించలేక కుర్రవాడు, వస్తూ ట్రామ్‌లో చూసిన సంగతి చెప్పాడు. నాలుగేళ్ల పిల్లాడికి మురికంటే హడలు. ఆ సీటు మురికి, ఈయన పక్కన కూర్చోను అంటూ తల్లిని ఒకటే సతాయించాడు. ఆ తల్లేమో గంజి పెట్టి ఇస్త్రీ చేసినట్టు బిగదీసుకుని ఉంది, పిల్లాడి భయం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆమెను చూస్తేనే తెలుస్తోంది. అంతా విని ఫ్రాయిడ్ అడిగాడు, ఆ పిల్లాడివి నువ్వేనా అని.

22 ఏళ్ల ఆల్‌పోర్ట్ ఖంగు తిన్నాడు. తాను వచ్చింది ఊరికే చూసిపోదామని. ఆయనేమో రోగిని చూసినట్టు చూశాడు. మనసు అడుగున ఏముందో తవ్వే ముందు, పైకి కనిపించే మనిషిని సరిగా చూడాలన్న పట్టుదల ఆల్‌పోర్ట్‌లో బలపడింది ఆ రోజేనని ఆయనే తర్వాత రాసుకున్నాడు.

పైకి కనిపించే మనిషిని అంచనా వేయడం మనకు కొత్తేం కాదు. సంబంధం ఖాయం చేసుకునే ముందు అబ్బాయి గుణం ఎలాంటిదని వాకబు చేయని ఇల్లుందా? ఆ వాకబులో దొర్లే మాటల్లో రెండు వేల ఏళ్ల శాస్త్రం దాగుంది. ఎవరైనా వింతగా ప్రవర్తిస్తే వాడికి పైత్యం అంటాం. అది పిత్తం నుంచి పుట్టిన మాట. ఆయుర్వేదం వాత, పిత్త, కఫాలతో మనిషి ప్రకృతిని లెక్కగట్టింది. అటు రోమన్ సామ్రాజ్యంలో 2వ శతాబ్దపు వైద్యుడు గాలెన్ రక్తం, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం అనే నాలుగు ద్రవాలతో స్వభావాలను ముడిపెట్టాడు. దిగులుకు ఇంగ్లిషు వాళ్లు వాడే మెలాంకలీ అనే మాటకు గ్రీకులో అర్థం నల్ల పిత్తమే.

ఇక సాత్వికుడు, రాజసం, తామసం అనే మాటలు త్రిగుణాల నుంచి వచ్చి మన నోళ్లలో నానుతున్నవి. భగవద్గీత 14వ అధ్యాయం ఈ గుణాలను వివరిస్తూ, మూడూ ప్రతి మనిషిలోనూ ఉంటాయని, ఒక్కోసారి ఒక్కోటి మిగతా రెండింటినీ అణిచి పైకి లేస్తుందని చెబుతుంది. మనం మాత్రం ఆ మాటల్ని మనుషులకు ముద్రలుగా వాడుకుంటున్నాం. నాకు ఇది చాలా పెద్ద నష్టంగా తోస్తుంది.

ముద్ర వేయకుండా కొలవడం ఎలా? 1884లో ఇంగ్లండ్‌లో శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్‌కు ఒక ఆలోచన వచ్చింది. మనుషుల మధ్య పట్టించుకోదగ్గ తేడా ఏదైనా ఉంటే, దానికి జనం ఏనాడో పేరు పెట్టే ఉంటారు. అలాంటప్పుడు స్వభావాన్ని భాషలోనే వెతకొచ్చు. ఆయన ఒక పర్యాయపద కోశం తిరగేసి, అలాంటి మాటలు ఓ వెయ్యి దాకా ఉంటాయని అంచనా కట్టి వదిలేశాడు. ఆ పనిని చివరిదాకా చేసినవాడు, అప్పటికి మనస్తత్వ శాస్త్రవేత్త అయిన ఆల్‌పోర్ట్. తోటి పరిశోధకుడు హెన్రీ ఆడ్‌బర్ట్‌తో కలిసి వెబ్‌స్టర్ మహా నిఘంటువును జల్లెడ పట్టి, 1936లో 17,953 మాటల జాబితా అచ్చు వేశాడు. కాసేపుండి పోయే మనఃస్థితులు, మంచీ చెడూ తీర్పులు లాంటివన్నీ పక్కకు తీస్తే, స్థిరమైన గుణాలను చెప్పే మాటలు 4,504 మిగిలాయి.

ఈ పని మన భాషలో ఊహించుకుంటే నాకు ఉత్సాహం వస్తుంది. గడుసు, పెంకి, దుడుకు, మెతక, ముభావం, కలుపుగోలు, ముక్కుసూటి, నిదానం. మొహమాటం అనే ఒక్క మాట తీసుకోండి. అందులో సిగ్గుంది, మర్యాద ఉంది, కాదనలేని బలహీనత ఉంది. హిందీలో పరిశోధకులు ఇలాంటి పని చేసినప్పుడు బయటపడ్డ కొలతల్లో త్రిగుణాల పోలికలు కనిపించాయి.

నాలుగున్నర వేల మాటలతో ఎవరినీ కొలవలేం. మనస్తత్వ శాస్త్రవేత్త రేమండ్ కాటెల్ అర్థం దగ్గరగా ఉన్న మాటలను కలిపేస్తూ 35 గుంపులకు తెచ్చాడు, తర్వాత 16 అంశాల పరీక్ష తయారుచేశాడు. 1961లో అమెరికా వైమానిక దళంలో ట్యూప్స్, క్రిస్టల్ అనే ఇద్దరు పరిశోధకులు పాత లెక్కలు మళ్లీ చేసి చూస్తే, ఎటు తిప్పినా అయిదు అంశాలే తేలాయి. ఆ నివేదిక సైనిక కాగితాల్లో పడి చాలాకాలం ఎవరి కంటా పడలేదు. 1980లలో లూయిస్ గోల్డ్‌బర్గ్ లాంటివాళ్ల కృషితో అదే ‘బిగ్ ఫైవ్’గా నిలబడింది. నలుగురిలో కలిసిపోవడం, ఎదుటివాళ్ల పట్ల మెత్తదనం, పనిలో బాధ్యత, మనసు చప్పున చలించడం, కొత్తవాటి మీద కుతూహలం. ఈ అయిదూ అందరిలో ఉంటాయి, పాళ్లే వేరు.

హైదరాబాద్ ఐటీ ఆఫీసుల శిక్షణ తరగతుల్లో ఎక్కువగా వినిపించేది మాత్రం ఈ అయిదు కాదు, ఐఎన్‌టీజే లాంటి, మనిషి రకానికి గుర్తుగా ఇచ్చే నాలుగక్షరాలు. దాని మూలం 1921లో మనోవైద్యుడు కార్ల్ యుంగ్ రాసిన పుస్తకం. అంతర్ముఖుడు, బహిర్ముఖుడు అన్న విభజనకు ప్రచారం తెచ్చింది ఆయనే, అయినా ఎవరూ పూర్తిగా ఒక్క పక్షం కాదని అనుకున్నదీ ఆయనే. ఆ పుస్తకం చదివిన కేథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ మైయర్స్ దాన్ని 16 రకాల మనుషులుగా మలిచారు. చిక్కెక్కడంటే, కొలిస్తే ఎక్కువమంది మధ్యలోనే ఉంటారు. అక్కడ గీత గీస్తే, పక్కపక్కన ఉన్న ఇద్దరికి ఎదురెదురు అక్షరాలు పడతాయి. అయినా ఫలితం చదవగానే అచ్చం నేనే అనిపిస్తుంది. 1948లో బెర్ట్‌రామ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన విద్యార్థులకు పరీక్ష పెట్టి, ఎవరి ఫలితం వారికంటూ తలా ఒక కాగితం ఇచ్చాడు. ఎంత సరిపోయిందో అయిదుకు మార్కులేయమంటే సగటున నాలుగు దాటింది. అందరికీ ఇచ్చింది ఒకే వివరణ. అందులో చాలా వాక్యాలు దుకాణంలో కొన్న జ్యోతిషం పుస్తకంలోవి.

చిన్నప్పుడు మా చుట్టాలు నన్ను నోట్లో నాలుక లేనివాడు అనేవారు. వాళ్ల ముందు నిజంగానే నోరు పెగిలేది కాదు. మైదానంలో దిగితే నా అరుపులు వీధి చివరికి వినిపించేవి. ఆ రెండింటిలో ఏది నేను అన్న బెంగ చాలా ఏళ్లుంది. 1968లో మనస్తత్వ శాస్త్రవేత్త వాల్టర్ మిషెల్ రాసిన పుస్తకం గురించి తెలిశాకే తీరింది. గుణాల పరీక్షకూ, ఒక సందర్భంలో మనిషి నడవడికకూ మధ్య సహసంబంధం 0.30 దాటడం అరుదని, అంటే పొంతన అంతంతమాత్రమేనని ఆయన చూపించాడు. తర్వాత ఆయన, సహచరులు కలిసి వేసవి శిబిరంలో పిల్లలను వారాల తరబడి గమనించినప్పుడు అసలు సంగతి తేలింది. ఒకడు తోటివాళ్లు ఏడిపిస్తే తిరగబడతాడు, పెద్దలు మందలిస్తే ఊరుకుంటాడు. ఇంకొకడు సరిగ్గా తలకిందులు. ఎవరి తీరు వారికి స్థిరంగా ఉంది. అందుకే మా పిల్లాడికి కోపం ఎక్కువ అని ఎవరైనా అంటే, ఎవరి దగ్గర, ఏం జరిగినప్పుడు అని అడుగుతాను.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని సామెత. కొలతలు చెప్పేది మాత్రం వేరు. 2006లో బ్రెంట్ రాబర్ట్స్ బృందం, ఒకే మనుషులను ఏళ్ల తరబడి గమనించిన 92 అధ్యయనాలను కలిపి చూసింది. వయసుతో పాటు మనుషుల్లో బాధ్యత పెరుగుతోంది, మనసు నిబ్బరపడుతోంది. ఆ మార్పు అన్నిటికంటే ఎక్కువగా కనిపించింది 20 నుంచి 40 ఏళ్ల మధ్య. అబ్బాయి గుణం ఎలాంటిదని మనం వాకబు చేసే వయసు కూడా అదే.