పాటల మైదానం దారిలో

ఎస్తోనియా జనాభా 13 లక్షల పైచిలుకు. ఒక్క విశాఖపట్నంలోనే అంతకంటే ఎక్కువమంది ఉంటారు. అంత చిన్న దేశంలో, 2019 జూలైలో, రాజధాని టాలిన్‌లో జరిగిన పాటల పండుగలో 35 వేలమందికి పైగా పాడారు. ఇది ప్రేక్షకుల లెక్క కాదు, గాయకుల లెక్క. చదువు కోసమో, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కోసమో ఇక్కడికి చేరిన తెలుగువాళ్లలో కెమెరా సరదా ఉన్నవాళ్లకు ఈ పండుగ మొదట రంగుల సంబరంగానే కనిపిస్తుంది. చారల లంగాలు, తలమీద పూల కిరీటాలు, బారులు తీరిన పిల్లలు. మెమరీ కార్డు ఇట్టే నిండిపోతుంది. అయితే ఈ దేశం ఎలా పుట్టిందో తెలియకుండా తీసిన ఫొటోల్లో రంగులే మిగులుతాయి, మనుషులు మిగలరు.

మొదట టాలిన్ పాతబస్తీనే చూడాలి. కెమెరా ఎటు తిప్పినా కోటగోడలు, బురుజులు, రాళ్లు పరిచిన సందులు, 1404లో పూర్తయిన టౌన్ హాల్. ప్రతి గోడకూ ఒక యజమాని ఉన్నాడు, ఆ యజమాని ఎస్తోనియన్ కాడు. 1219లో డెన్మార్క్ రాజు ఇక్కడున్న కొండను పట్టుకున్నాడు. ఆ తర్వాత జర్మన్ నైట్లు, వాళ్ల తర్వాత స్వీడన్, 1710లో రష్యా. సింహాసనం మీద ఎవరున్నా భూములూ వ్యాపారమూ జర్మన్ కుటుంబాల చేతుల్లోనే ఉండేవి. ఎస్తోనియన్లు ఆ భూములకు కట్టుబడ్డ వెట్టి రైతులు. ఉత్తర భాగంలో 1816లో, దక్షిణ భాగంలో 1819లో ఆ వెట్టి చట్టరీత్యా రద్దయింది. భూమి మాత్రం దొరల దగ్గరే ఉండిపోయింది. బడిలో, కోర్టులో, చర్చిలో పెద్దరికమంతా జర్మన్ భాషదే. రైతు మాట్లాడే భాష ఎస్తోనియన్.

ఆ రైతు భాషకు పాట ఎలా ఆసరా అయిందో తెలుసుకోవాలంటే టాలిన్ నుంచి రైలెక్కి టార్టూ వెళ్లాలి. 1632లో స్వీడన్ రాజు స్థాపించిన విశ్వవిద్యాలయం ఉన్న ఊరది. పంతులుగా జీవితం మొదలుపెట్టి పత్రికా సంపాదకుడైన యోహాన్ వోల్డెమార్ యాన్‌సెన్ 1865లో ఇక్కడ 'వానెముయినె' అనే పాటల సంఘం పెట్టాడు. నాలుగేళ్ల తర్వాత, వెట్టి రద్దయి యాభై ఏళ్లయిన సందర్భమని చెప్పి, జారు ప్రభుత్వం దగ్గర అనుమతి తెచ్చుకుని, 1869 జూన్‌లో మొదటి పాటల పండుగ జరిపించాడు. పల్లెల నుంచి ఎనిమిది వందల మందికి పైగా గాయకులు వచ్చారు. అందరూ మగవాళ్లే. పాటల్లో ఎక్కువ భాగం జర్మన్ బాణీలవే. ఎస్తోనియన్ స్వరకర్త కట్టినవి రెండే రెండు. ఆ రెండింటికీ మాటలు రాసింది యాన్‌సెన్ కూతురు, కవయిత్రి లిడియా కోయిదులా. పండుగ ఏర్పాట్లలో తండ్రికి కుడిభుజంగా నిలిచిన ఆమెకు వేదిక మీద పాడే వీలు లేదు. ఆడవాళ్లకు ఈ పండుగలో చోటు దొరికింది 1891లో.

యాన్‌సెన్ మాటలు రాసిన మరో పాట కూడా ఆ పండుగలోనే వినిపించింది. దాని బాణీ ఫిన్లాండ్‌లో స్థిరపడ్డ ఫ్రెడ్రిక్ పాసియస్‌ది. 1920లో అది ఎస్తోనియా జాతీయగీతమైంది. ఫిన్లాండ్ గీతానిదీ అదే బాణీ. సోవియట్ కాలంలో ఎస్తోనియాలో ఆ పాటను నిషేధించారు. కానీ సముద్రం అవతలి నుంచి ఫిన్లాండ్ రేడియో రాత్రి ప్రసారాలు ముగిస్తూ అదే బాణీ వినిపించేది. టాలిన్‌లో తలుపులు వేసుకుని జనం తమ గీతాన్ని అలా వినేవాళ్లు.

కెమెరా ప్రియులకు ఈ దేశంతో ఇంకో చుట్టరికం ఉంది. టాలిన్ టౌన్ హాల్ వెనక సందులో మధ్యయుగపు జైలు గదుల్లో ఫొటోగ్రఫీ మ్యూజియం పెట్టారు. అరచేతిలో ఇమిడిపోయే మినాక్స్ కెమెరా తొలి నమూనాను వాల్టర్ జాప్ తయారుచేసింది ఈ ఊళ్లోనే, 1936లో. తయారీ మాత్రం పొరుగున రీగాలో మొదలైంది. జాప్ సరదాగా ఫొటోలు తీసుకునే మామూలు మనుషుల కోసం దాన్ని తయారుచేస్తే, చివరికది గూఢచారుల కెమెరాగా పేరుపడింది.

అంతకంటే ముఖ్యమైన పేరు యోహానెస్ ప్యాసుకె. 1912 నుంచి ఎస్తోనియా జాతీయ మ్యూజియం కోసం ఈ కుర్రాడు బరువైన కెమెరా మోసుకుంటూ ఊరూరా తిరిగాడు. గుడిసెలు, దుస్తులు, చేపల వలలు, సంతలు, పొలం పనులు, దేన్నీ వదల్లేదు. ఏ ఊళ్లో, ఏ ఏడాది తీశాడో రాసిపెట్టాడు. ఈ దేశంలో తొలి సినిమాలు తీసింది కూడా అతనే. 1918 జనవరిలో, ఎస్తోనియా స్వాతంత్ర్యం ప్రకటించడానికి కొద్ది వారాల ముందు, రైలు ప్రమాదంలో చనిపోయాడు. అప్పటికి పాతికేళ్లవాడు. అతని గాజు ప్లేట్లు మ్యూజియంలో ఉన్నాయి. ఇవాళ పాటల ఊరేగింపులో ఒకామె కట్టుకున్న చారల లంగా ఏ పరగణాదో పాత ఫొటోలతో పోల్చి చెప్పగలుగుతున్నారంటే, అందులో ఈ కుర్రాడి కష్టం ఉంది.

స్వాతంత్ర్యం రెండు దశాబ్దాలు నిలిచింది. 1939 ఆగస్టు 23న హిట్లర్ ప్రభుత్వం, స్టాలిన్ ప్రభుత్వం రహస్యంగా ఈ ప్రాంతాన్ని పంచుకున్నాయి. 1940లో సోవియట్ సైన్యం వచ్చింది, ఆ మరుసటి ఏడు జర్మన్ సైన్యం, 1944లో మళ్లీ సోవియట్ సైన్యం. 1949 మార్చిలో నాలుగైదు రోజుల్లో 20 వేలమందికి పైగా జనాన్ని పశువుల పెట్టెల్లాంటి రైళ్లలో సైబీరియాకు పంపేశారు. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు.

పాటల పండుగను సోవియట్లు రద్దు చేయలేదు. తమ పండుగగా మార్చుకోవాలనుకున్నారు. వేదిక మీద స్టాలిన్ బొమ్మ, కార్యక్రమంలో పార్టీ పాటలు. 1947 పండుగలో గుస్తావ్ ఎర్నెసాక్స్ అనే స్వరకర్త కోయిదులా పాత కవిత 'ము ఇసమా ఒన్ మిను అర్మ్'కు కట్టిన కొత్త బాణీ కూడా జాబితాలోకి ఎక్కింది. జన్మభూమి మీద ప్రేమ చెప్పే పాట. జనం దాన్ని మనసుకు హత్తుకున్నారు. అది గమనించిన అధికారులు తర్వాతి పండుగల జాబితా నుంచి తీసేశారు. 1950 పండుగకు ముందు పేరున్న ముగ్గురు సంగీత నిర్దేశకులు టూడుర్ వెట్టిక్, రిహో ప్యాట్స్, ఆల్‌ఫ్రెడ్ కారిండి అరెస్టయ్యారు. పాట పాడించడం నేరమైన కాలం తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. 'మాకొద్దీ తెల్లదొరతనము' రాసి పాడినందుకు గరిమెళ్ల సత్యనారాయణ జైలుకు వెళ్లారు.

1960లో టాలిన్ మైదానంలో కొత్త వేదిక లేచింది. దీని దగ్గర ఏ ఫొటోగ్రాఫరైనా కాసేపు ఆగాల్సిందే. వాస్తుశిల్పి అలార్ కోట్లి గీసిన ఆ కమాను పెద్ద గవ్వను ఏటవాలుగా నిలబెట్టినట్టు ఉంటుంది. కింద వేలమంది గాయకులు నిలబడే మెట్లు, వెనక సముద్రం, ఎదురుగా గడ్డి వాలు. కమాను చాలక గాయకులు ముందున్న నేల మీదికి కూడా వ్యాపిస్తారు. అంత వెడల్పున నిలబడ్డప్పుడు ఒక చివరి గొంతు రెండో చివరకు చేరేసరికి ఆలస్యమవుతుంది. పక్కవాళ్ల పాట విని పాడితే తాళం తప్పుతుంది. అందుకే ఎత్తయిన మంచె మీద నిలబడ్డ నిర్దేశకుడి చేతినే అందరూ చూడాలి. టెలి లెన్సులోంచి చూస్తే వేల కళ్లు ఒకే చేతిమీద నిలిచి ఉంటాయి. పాట అయ్యాక ఆ నిర్దేశకుడి తలమీద ఓక్ ఆకుల దండ పెడతారు. వేదిక మొత్తాన్ని వైడ్ యాంగిల్‌లో పట్టే ఫొటో అందరూ తీస్తారు. ఆ కళ్ల ఫొటో దాని కంటే ఎన్నో రెట్లు మేలు.

ఆ కమాను కట్టిన ఏడాదే, 1960 పండుగలో, గాయకులు అధికారుల మాట పక్కనపెట్టి ఎర్నెసాక్స్ పాట ఎత్తుకున్నారు. తర్వాత దాన్ని ఆపడం ఎవరి వల్లా కాలేదు. ఇప్పుడు ఆ గడ్డి వాలు పైన ఎర్నెసాక్స్ కంచు విగ్రహం కూర్చుని ఉంటుంది. పిల్లలు దాని ఒళ్లోకెక్కి ఫొటోలు దిగుతారు.

1988 వేసవి కథ ఇక్కడ ప్రతి ఇంట్లో చెబుతారు. జూన్‌లో పాతబస్తీ ఉత్సవాలు అయ్యాక జనం ఇళ్లకు పోకుండా పాటల మైదానానికి నడిచారు. వరసగా కొన్ని రాత్రులు తెల్లవార్లూ పాడారు. నిషేధంలో ఉన్న నీలం, నలుపు, తెలుపు జెండాలు అటకల మీద నుంచి బయటికొచ్చాయి. అక్కడ వినిపించినవి బృందగానాలే కాదు, ఆలో మట్టీసెన్ కట్టిన రాక్ పాటలు కూడా. ఆ రోజుల్లోనే చిత్రకారుడు హైంజ్ వాల్క్ దీనికి 'పాడే విప్లవం' అని పేరు పెట్టాడు. సెప్టెంబర్ 11న అదే మైదానంలో దాదాపు మూడు లక్షలమంది చేరారని అంచనా. మరుసటి ఏడాది ఆగస్టు 23న, ఆ రహస్య ఒప్పందానికి యాభై ఏళ్లు నిండిన రోజున, టాలిన్ నుంచి లాత్వియా మీదుగా లిథువేనియా రాజధాని విల్నియస్ దాకా ఆరు వందల కిలోమీటర్లకు పైగా మనుషులు చేయీచేయీ పట్టుకుని నిలబడ్డారు. 1991 ఆగస్టు 20న ఎస్తోనియా తన స్వాతంత్ర్యాన్ని తిరిగి ప్రకటించుకుంది.

పాటలు పాడితేనే సామ్రాజ్యం కూలిందని ఎవరైనా అంటే నమ్మనక్కర్లేదు. మాస్కో అప్పటికే బలహీనపడింది, గోర్బచేవ్ సంస్కరణలు దారి ఇచ్చాయి, పాపులర్ ఫ్రంట్ వంటి సంఘాలు ఓపిగ్గా రాజకీయం నడిపాయి. పాట చేసిన పని వేరు. యాభై ఏళ్ల భయంలో బతికిన మనుషులకు తమలాంటివాళ్లు ఎంతమంది ఉన్నారో అది కళ్లకు కట్టింది. ఆ పని చిన్నదేం కాదు. తెలంగాణ ఉద్యమంలో ధూంధాం రాత్రులు చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

నార్వా వెళ్లకపోతే ఈ చరిత్ర సగమే. తూర్పు సరిహద్దులో నది ఒడ్డున ఎస్తోనియా కోట, అవతలి ఒడ్డున రష్యా కోట, ఎదురెదురుగా. రెండూ ఒకే ఫ్రేములో పడతాయి. 1944 బాంబు దాడుల్లో పాత నార్వా దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. యుద్ధం తర్వాత ఫ్యాక్టరీ పనులకు సోవియట్ యూనియన్ నలుమూలల నుంచి కూలీలను తెచ్చారు. ఇప్పుడు ఊరిలో అత్యధికుల మాతృభాష రష్యన్. 1991 తర్వాత వాళ్లలో చాలామందికి పౌరసత్వం వెంటనే దొరకలేదు. భాషా పరీక్ష రాయాల్సి వచ్చింది. ఏ దేశపు పౌరులూ కానివాళ్లకు ఇచ్చే బూడిదరంగు పాస్‌పోర్టుతో ఏళ్లు గడిపినవాళ్లున్నారు. 1993లో స్వయంప్రతిపత్తి కోరుతూ ఊరు ఓట్లు కూడా వేసింది, సుప్రీంకోర్టు అది చెల్లదంది. పరాయి దేశంలో కాగితాల కోసం వరసలో నిలబడ్డ తెలుగువాడికి నార్వా మనుషుల ముఖాల్లో చదవాల్సింది చాలా కనిపిస్తుంది.

చూడాల్సిన ఇంకో ఊరు విల్యాండి. అక్కడ జూలై చివర్లో పాడుబడ్డ కోట మధ్య జానపద సంగీత ఉత్సవం జరుగుతుంది. 1993లో మొదలైంది. టాలిన్‌లో వేలమంది మధ్య ఒక ముఖం వెతుక్కోవాలి, ఇక్కడ ఫిడేలు వాయించేవాడు అడుగు దూరంలో ఉంటాడు. రాత్రి పదింటికి కూడా వెలుగుంటుంది కాబట్టి ఫ్లాష్ అక్కర్లేదు.

టాలిన్ పండుగకు రావాలనుకునేవాళ్లకు ఒక మాట. పెద్ద పండుగ సాధారణంగా ఐదేళ్లకోసారి, మధ్యలో యువతది. కచేరీకి టికెట్ దొరకకపోయినా ఊరేగింపు దారిలో పొద్దున్నే చోటు చూసుకోండి. గంటల తరబడి సాగుతుంది. ప్రతి బృందం ముందూ దాని పేరు రాసిన బోర్డు ఉంటుంది, దాన్ని కూడా ఫ్రేములోకి తీసుకోండి. వాన పడితే కెమెరా దాచేయొద్దు. 2025 జూలైలో వాన దంచికొట్టినా రెయిన్‌కోట్లు తొడుక్కుని వీళ్లు పాడుతూనే ఉన్నారు.

మన ఊళ్లలో ఉండే కెమెరా మిత్రులకు ఇంకో విన్నపం. ఒగ్గుకథ, బుర్రకథ, చెక్కభజన, బతుకమ్మ, ధూంధాం వేదికలు, మీరు తీసినవి మీ ఫోన్లలో, హార్డ్ డిస్కుల్లో పేరూ ఊరూ లేకుండా పడి ఉన్నాయి. ఈ ఆదివారం కూర్చుని ఒక్కో ఫొటోకు పాడుతున్న మనిషి పేరు, ఊరు, తేదీ రాయండి. తెలియకపోతే తెలిసినవాళ్లు బతికుండగానే వెళ్లి అడగండి.