ఊరి పేరే కేసు (నేరం మోపిన కులాలు – 4)

మా ఏఎస్ రావు నగర్ స్టడీ సర్కిల్‌కి వచ్చే ఒక తమ్ముడు కిరాయి గది కోసం నెల రోజులు తిరిగాడు. ఓనర్లు అడిగేది ఒకటే, "ఏ ఊరు బాబూ?" స్టువర్టుపురం అనగానే గది వేరేవాళ్లకి ఇచ్చేశామంటారు. చివరికి బాపట్ల అని చెప్పాడు. అబద్ధమేం కాదు, జిల్లా అదే కదా. వాడి మీద ఒక్క కేసు లేదు, వాళ్ల నాన్న మీదా లేదు.

ఎరుకలోళ్లు ఒకప్పుడు కోస్తా ఉప్పు, ధాన్యం పశువుల మీద వేసుకుని లోపలి ఊళ్లలో అమ్మిన వ్యాపారులు. ఉప్పు సర్కారు గుప్పిట్లోకి పోయింది, రైళ్లు వచ్చాయి, ఆ బతుకు పోయింది. పనిలేక తిరిగేవాళ్లంటే తెల్లదొరలకి అనుమానం. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ తెగల చట్టం 1911 నాటి కొత్త చట్టంతో మద్రాసు రాజధానికీ వచ్చింది. నేరం రుజువు చేసే పనిలేదు, ఫలానా కులంలో పుడితే చాలు. రిజిస్టరులో పేరు, వేలిముద్ర, హాజరు, ఊరు దాటాలంటే పాసు. 1913 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ చేతిలో పెట్టిన సెటిల్‌మెంటే స్టువర్టుపురం. ఆ పేరు గవర్నరు కౌన్సిల్ సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్‌ది. దాన్ని సంస్కరణ అన్నారు. చీరాల పొగాకు ఫ్యాక్టరీకి చవక కూలీలూ దొరికారు. ఈ సంగతి స్టువర్టుపురం సినిమాల్లో వెతక్కండి, మీనా రాధాకృష్ణ పరిశోధన చదవండి.

1952 ఆగస్టు 31న చట్టం రద్దయింది. దాని చోట్లో రాష్ట్రాలు 'అలవాటు నేరస్థుల' చట్టాలు పెట్టుకున్నాయి.

1970లలో ఆ ఊరికి వెళ్లినవాళ్లు హేమలత, లవణం దంపతులు. ఆమె మన జాషువా గారి బిడ్డ, ఆయన గోరా గారి కొడుకు. 'సంస్కార్' అన్న పేరు నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఎవర్ని ఎవరు సంస్కరించాలి? అయినా ఒకటి ఒప్పుకోవాలి. దొంగతనం మానండని ఊరికి నీతులు చెప్పి ఊరుకోలేదు, సర్కారుతోనూ మాట్లాడారు. అంటరానితనం తిన్న ఇంటి నుంచి వచ్చిన ఆడమనిషి ఆ గడపల్లో కూర్చోవడం చిన్న సంగతి కాదు.

లాస్ ఏంజెలెస్‌లో జైలు నుంచి వచ్చిన లాటినో గ్యాంగు కుర్రాళ్ల కోసం గ్రెగ్ బాయిల్ అనే ఫాదర్ 1988లో మొదలుపెట్టిన పని హోంబాయ్ ఇండస్ట్రీస్ అయింది. 1992లో బేకరీ పెట్టి, ఒకప్పుడు కాల్చుకున్న గ్యాంగులోళ్లని పక్కపక్కన నిలబెట్టి రొట్టె చేయించారు. ఒంటి మీద గ్యాంగు పచ్చబొట్లుంటే లేజరుతో ఉచితంగా తీసేస్తారు. మన పక్కన చర్లపల్లి జైలుంది, జైళ్ల శాఖ పెట్రోలు బంకుల్లో విడుదలైనోళ్లకి పని దొరుకుతోంది, మంచిదే. కానీ నేరమే చెయ్యని మా తమ్ముడికి ఏ లేజరు పెడతారు?

2024 అక్టోబరు 3న సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు జైళ్లలో కులాన్ని బట్టి పని పంచడం చెల్లదంది. విముక్త తెగల్ని పుట్టు నేరస్థులుగా చూడొద్దనీ చెప్పింది. తీర్పు కాపీ మా వాళ్లకి చదివి వినిపించాను.

తమ్ముడి గది అగ్రిమెంటు ఈ నెల రెన్యువల్. ఓనరు ఆధార్ జిరాక్స్ అడిగాడట.