మందలిచ్చుడు: మన సంఘాల లెక్కల్లో కనబడని పని

మన సమాఖ్య నివేదికలో పొదుపు, అప్పు, వసూలు లెక్కలు ఏటా అచ్చవుతాయి. ఏ పుస్తకంలోనూ ఎక్కని పని ఒకటి ఉన్నది. కష్టంలో ఉన్న అక్క ఇంటికి పోయి కాసేపు కూర్చోవడం. ఈసారి దాని చరిత్ర రాసుకుందాం.

నిజామాబాద్, బోధన్ దిక్కు దీన్ని మనం మందలిచ్చుడు అంటం. బడి పుస్తకాల తెలుగులో మందలించడం అంటే గద్దించడం. మన దగ్గర మంచిచెడ్డ అడగడం. నిజం చెప్పాలంటే, మన సంఘాలు ఈ రెండూ చేసినయి.

1931లో నిజాంసాగర్ పూర్తయింది. మంజీర నీళ్లతో చెరుకు పెరిగింది. 1937లో బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పుట్టింది. ఆ చెరుకు ఊర్లల్ల ఎవరింట్లనన్న చావు జరిగితే ఇరుగుపొరుగు ఆడవాళ్లు వచ్చి పక్కన కూర్చునేవాళ్లు. ఏడుస్తుంటే ఆపకపోయేవాళ్లు. పొయ్యి వెలగని ఇంటికి గిన్నెల అన్నం తెచ్చేవాళ్లు. అది మన అమ్మమ్మల చదువు.

1980లలో డ్వాక్రా గ్రూపులు, 2000లో వెలుగు పథకం వచ్చినయి. క్రమంగా సమావేశం, పొదుపు, అప్పు, తిరిగి కట్టడం, పుస్తకాలు రాయడం అనే పంచసూత్రాలు నేర్చినం. ఐదింటిలోనూ దుఃఖం మాట లేదు.

తర్వాత మైక్రో ఫైనాన్సు అప్పులు ఊర్లకు వచ్చినయి. ఒకరు కట్టకపోతే గ్రూపంతా పూచీ. కట్టలేని మనిషి ఇంటి ముందు తోటి ఆడవాళ్లనే కూర్చోబెట్టిన రోజులవి. పక్కన కూర్చునే అలవాటే పరువు తీసే పద్ధతి అయింది. రాష్ట్రంలో ఆత్మహత్యల వార్తలు వచ్చినంక, 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి ఆ జబర్దస్తీ వసూళ్లను ఆపింది.

మనం పూర్తిగా మారినమా? 2002లో ప్రైవేటు చేతికి పోయిన చెరుకు ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడ్డది. జీతం ఆగిన ఇండ్లల్ల మగవాళ్లకు కోపమో, మౌనమో. ఆడవాళ్లకు సిగ్గు. ఒక చెల్లె మూడు సమావేశాలకు రాలేదు. కిస్తు ఎగ్గొడుతున్నదనుకొని ముగ్గురం పోయినం. మేం నోరు తెరవకముందే "రేపు కడత అక్కా" అన్నది. మాలో పెద్దామె కిస్తు మాట ఎత్తలేదు. "తిన్నవా బిడ్డా?" అని అడిగింది. ఆ చెల్లె గడప మీద కూలబడి ఏడ్చింది. ఆ పూట లెక్క అడగకుండనే వచ్చినం.

మరుసటి సమావేశానికి ఆమె తనంతట తానే వచ్చింది. అప్పు మాఫీ చేయలేదు. గడువు పెంచి తీర్మానం రాసినం. ఆమె కట్టింది.

ఆ గడప దగ్గర మేం నేర్చుకున్నది ఇది. "ఏడవకు, ధైర్యంగ ఉండు" అంటే ఎదుటి మనిషి మాట అక్కడ్నే ఆగిపోతది. "అందరికీ ఉన్నదే" అంటే ఆమె బాధ చిన్నదైపోతది. సలహా తర్వాత. ముందు వినాలె. విన్నది సంఘం దాటి పోవద్దు. కోపంగ ఉన్న మనిషితో వాదన పెట్టుకోవద్దు. చల్లబడ్డంక మాట్లాడాలె.

వినడంతో తీరనివి కూడా ఉంటయి. ఎవరన్న "బతికి ఏం లాభం" అంటే తేలికగ తీసుకోవద్దు. చచ్చిపోవాలన్న ఆలోచన ఉన్నదా అని సూటిగ అడగాలె. అడిగితే ఆలోచన పుడతదన్న భయం వద్దు. ఒంటరిగ విడవొద్దు. పురుగుల మందు డబ్బా ఇంట్ల నుంచి తీసేయాలె. దవాఖానకు తోడు పోవాలె. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ నంబరు 14416. పైసలు పడవు, రాత్రీ పగలూ పలుకుతది, తెలుగులో మాట్లాడొచ్చు.

ఈ ఏడు నుంచి ప్రతి సంఘానికి ఒక్కటే మనవి. కిస్తు తప్పిన ఇంటికి మొదటిసారి పోయేటప్పుడు లెక్కల పుస్తకం తీసుకపోవద్దు. మందలిచ్చి రండి. పుస్తకం రెండోసారి తీసుకపోవచ్చు.