పురిటింటి చేతులు

తెలుగు పల్లెల్లో కాన్పు మొన్నమొన్నటి దాకా ఇంట్లోనే జరిగేది. నొప్పులు మొదలవగానే కబురు వెళ్ళేది మంత్రసానికి. చాలా ఊళ్ళలో ఆమె మంగలి ఇంటి ఆడమనిషి. అత్త వెంట తిరిగి, చూసి చూసి పని నేర్చుకున్నది. బిడ్డను పట్టి, మాయ పడేదాకా కనిపెట్టుకుని, బొడ్డు కోస్తే ఆమె పని అయిపోయేది కాదు. పురిటి స్నానం దాకా రోజూ వచ్చేది. పీట మీద కూర్చుని కాళ్ళు బారజాపి, పసిగుడ్డును కాళ్ళ మీద బోర్లా వేసుకుని, నూనె రాసి, నలుగు పెట్టేది. ముందు తన చేతి మీద పోసుకుని వేడి చూసుకున్నాకే బిడ్డ వీపు మీద నీళ్ళు పోసేది. తర్వాత సాంబ్రాణి పొగ. ఆపైన బాలింతకు స్నానం, నడికట్టు. ఇంతా చేస్తే ముట్టేది చాటెడు బియ్యం, ఓ పాత చీర.

"మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏది వచ్చినా పట్టాలి" అన్న సామెత ఊరికే పుట్టలేదు. నెత్తురు, మైల ముట్టుకునే పని కాబట్టే దాన్ని కింది కులాల ఆడవాళ్ళకు వదిలేశారు. పురుడు వెళ్ళేదాకా ఆ ఇంటికి ఆమే దిక్కు. ఆ తర్వాత అదే ఇంట్లో ఆమె వసారా దాటి లోపలికి రాకూడదు.

ప్రమాదం పొంచి ఉన్నది బొడ్డు దగ్గర. చేతికందిన కొడవలితోనో కత్తితోనో బొడ్డుతాడు కోసేవారు. ధనుర్వాతం కలిగించే సూక్ష్మజీవి మట్టిలో, పశువుల పేడలో ఉంటుంది. మురికి కత్తి నుంచో, కోసిన చోట పూసిన బూడిద, పేడ నుంచో అది లోపలికి వెళ్తే, పుట్టిన మూడో రోజు నుంచి రెండు వారాల్లోపు బిడ్డ పాలు పట్టడం మానేస్తుంది. దవడలు బిగుసుకుంటాయి. ఒళ్ళు విల్లులా వంగుతుంది. వైద్యం అందకపోతే దాదాపు ఏ బిడ్డా బతకదు. ఎన్నో తల్లుల కడుపుకోతకు కారణం ఆ ఒక్క కోత.

ఇంగ్లీషు పాలనలో ఈ పురిటిగదుల మీదికి కొత్త చూపు వచ్చింది. 1883లో గుంటూరు చేరిన అమెరికన్ లూథరన్ మిషన్ వైద్యురాలు అన్నా కుగ్లర్ అక్కడ ఆడవాళ్ళకూ పిల్లలకూ ఆసుపత్రి కట్టించింది. ఆడవాళ్ళకు ఆడ డాక్టర్లను అందించడానికి 1885లో డఫరిన్ నిధి ఏర్పడింది. మంత్రసానులకు శిక్షణ ఇవ్వడానికే 1903లో వైస్రాయ్ భార్య లేడీ కర్జన్ పూనికతో విక్టోరియా స్మారక నిధి మొదలైంది. ఆ నిధి 1918లో అచ్చువేసిన నివేదికలో దేశం నలుమూలల వైద్యురాళ్ళు రాసిన కాన్పుల కథనాలున్నాయి. వాటిలో దోషమంతా మంత్రసాని మురికి చేతులదే అన్న ధోరణి బలంగా వినిపిస్తుంది.

అందులో నిజం లేకపోలేదు. కానీ సగమే నిజం. పురిటికి ఇంట్లోకెల్లా చీకటి గది ఇచ్చింది ఎవరు? మైలపడితే పారేయాలి కదా అని అన్నిటికన్నా పాత గుడ్డలు, చిరిగిన చాప తీసి ఇచ్చింది ఎవరు? ఆ కొడవలి కూడా చాలాసార్లు ఆ ఇంటిదే. మంత్రసానిని తప్పుపట్టినంత తేలిగ్గా ఆ మైల పట్టింపును ఎవరూ తప్పుపట్టలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక ఆమెకు శిక్షణ, చేతికో పెట్టె ఇచ్చారు. 1977 గ్రామీణ ఆరోగ్య పథకం ఆ శిక్షణను ఊరూరికీ తీసుకెళ్ళాలనుకుంది. శుభ్రమైన చేతులు, శుభ్రమైన పరుపు, కొత్త బ్లేడు, శుభ్రమైన దారం, ఏదీ పూయని బొడ్డు: నేర్పింది ప్రధానంగా ఇదే. దానికి గర్భిణులకు వేసిన ధనుర్వాతం టీకా (టీటీ) తోడైంది. 1998-99 జాతీయ సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు సగం కాన్పులు ఇంకా ఇళ్ళలోనే జరుగుతున్నాయి. అయినా 2003లో తల్లీబిడ్డల ధనుర్వాతాన్ని నిర్మూలించినట్టు దేశంలో మొదట ధ్రువీకరణ పొందింది ఆ రాష్ట్రమే. అంటే ప్రతి జిల్లాలోనూ వెయ్యి కాన్పులకు ఒక్క కేసు కన్నా తక్కువ. దేశం మొత్తానికి ఆ మాట దక్కింది 2015లో. ఇంటి కాన్పును కూడా కాపాడుకోవచ్చని చూపించిన ఈ విజయం గురించి మనం చెప్పుకోవలసినంత చెప్పుకోలేదు.

బొడ్డు గండం గడిచినా బిడ్డకు మిగతా గండాలు తప్పవు. నెమ్ము, చలి, తక్కువ బరువు. వాటికి జవాబు తెలంగాణ సరిహద్దుకు ఆవల ఉన్న గడ్చిరోలిలో దొరికింది. అక్కడ డాక్టర్లు అభయ్ బంగ్, రాణీ బంగ్ 39 ఊళ్ళలో కొద్దిపాటి చదువున్న ఆడవాళ్ళకు తర్ఫీదు ఇచ్చారు. వాళ్ళు కాన్పయిన ఇంటికి మొదటి నెలంతా పదేపదే వెళ్ళేవారు. తూకం వేసేవారు, ఊపిరి లెక్కపెట్టేవారు, ఒళ్ళు చల్లబడిన బిడ్డను సంచిలో పొదివి పడుకోబెట్టేవారు, అవసరమైతే ఇంజెక్షన్ ఇచ్చేవారు. వెయ్యి జననాలకు 62గా ఉన్న నవజాత శిశు మరణాలు మూడేళ్ళలో 25.5కు దిగాయి. 1999లో లాన్సెట్ పత్రిక దీన్ని ప్రచురించింది. మంత్రసాని రోజూ వచ్చిన రాకకు చదువూ, తక్కెడా, మందూ తోడైతే ఎంత బలమో అక్కడ తేలింది.

2005లో ఆసుపత్రి కాన్పుకు నగదు ఇచ్చే జననీ సురక్ష యోజన వచ్చాక కాన్పులు ఆసుపత్రులకు తరలాయి. మంత్రసాని శిక్షణలు అడుగున పడ్డాయి. 2019-21 సర్వేలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నూటికి 96కు పైగా కాన్పులు ఆసుపత్రుల్లోనే. ఇది మంచికే. కానీ కొద్ది రోజులకే బిడ్డ ఇంటికి వస్తుంది. నూనె రాయడానికి, నీళ్ళు పోయడానికి పట్నాల్లో ఇప్పటికీ మనిషిని కుదుర్చుకుంటారు. ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేయవద్దని, బొడ్డు ఊడేదాకా దానికి ఏదీ పూయవద్దని ఆమెకు చెప్పేవారు అరుదు.

గడ్చిరోలి పద్ధతిని 2011లో కేంద్రం దేశమంతటా ఆశా కార్యకర్తలకు అప్పగించింది. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ ఇంటికి 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆశా వెళ్ళాలి. తూచాలి, బొడ్డు చూడాలి, పాలు పడుతున్న తీరు చూడాలి. ఆ ఆరు రాకలూ పూర్తిచేస్తే పథకం ఆమెకు కట్టిన ప్రోత్సాహకం 250 రూపాయలు. మంత్రసానికి చాటెడు బియ్యం ఇచ్చినవాళ్ళ వారసులే ఈ లెక్క కూడా కట్టారు.