నిలవ ఉండలేని పాపానికి

విరుదునగర్ నుంచి సాత్తూరు మీదుగా కోవిల్‌పట్టికి యాభై కిలోమీటర్ల దారి. రెండు పక్కలా నల్లరేగడి. అక్కడివాళ్లు కరిసల్ అంటారు. పత్తి, సజ్జ, మిరప పండే ఆ మెట్టనేలకు నీడ తక్కువ. ఆ తక్కువ నీడనే గట్ల మీదా చెరువు కట్టల మీదా తాటిచెట్టు ఇచ్చింది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు శతాబ్దాలుగా ఉన్న సీమ ఇది. కి. రాజనారాయణన్ పుట్టిన ఇడైసేవల్ కోవిల్‌పట్టికి దగ్గర్లోనే. దక్షిణానికి తరలిపోయిన తెలుగువాళ్లు అడవి కొట్టి ఊరు కట్టుకున్న కథను ఆయన 1976లో ‘గోపల్ల గ్రామం’ నవలగా రాశారు. ఆ నేల మీద ఇంటివంటలాగే ఊరివంటగా ఒక పానీయం ఉండేది. దాని పతనం గురించి చెప్పాలి. కల్లు పోవడమంటే తాగుడు పోవడమని చాలామంది అనుకున్నారు. తాగుడు పోలేదు, కల్లు మాత్రమే పోయింది.

దాన్ని తయారు చేసిన తీరు చూస్తే ఇప్పటికీ ఆశ్చర్యమే. కాళ్లకు బంధం తగిలించుకొని, రొమ్ము మానుకు ఆనించి, తెల్లవారకముందే మనిషి పైకి ఎక్కుతాడు. మన గౌడన్నలు నడుముకు మోకు వేసుకొని ఎక్కుతారు. ఆ దక్షిణాది మనిషి చెట్టును కౌగిలించుకొనే ఎక్కుతాడు, ఛాతీ మీద కాయలు కాస్తాయి. పైన పూగెలను కొన్నాళ్లపాటు మెల్లగా నలిపి, కట్టి, కొసను పలచగా చెక్కాలి. మందంగా చెక్కితే గెల త్వరగా అయిపోతుంది. చెక్కకపోతే గాయం మానిపోయి ధార ఆగుతుంది. అందుకే పొద్దునా సాయంత్రమూ ప్రతి చెట్టూ ఎక్కాలి, రోజుకు ముప్పై నలభై చెట్లు. చుక్కచుక్కగా ముంతలో పడే రసంలో నూటికి పదికి పైగా చక్కెర ఉంటుంది. దానికి ఈస్టు ఎవరూ కలపరు. గాలిలో ఉన్నదీ, నిన్నటి ముంత అడుగున మిగిలినదీ చాలు. చెట్టు మీద ఉండగానే పులియడం మొదలవుతుంది. కొన్ని గంటల్లో నాలుగైదు శాతం ఆల్కహాలు చేరి, నురగతో, తీపీ పులుపూ కలిసిన రుచితో కల్లు తయారు. మరుసటి రోజుకు అది పుల్లబడి వెనిగర్ దారి పడుతుంది.

పులియకుండా ఆపే ఉపాయం కూడా ఆ మనిషి చేతిలోనే ఉంది. ముంత లోపల సున్నం పూస్తే చాలు. ఆ క్షారంలో ఈస్టు పని చేయదు. అప్పుడు దిగేది మత్తులేని తియ్యటి పదనీరు. కాచితే కరుప్పట్టి అనే తాటిబెల్లం. ఒకే చెట్టు, ఒకే గెల, ఒకే కత్తి. ముంతకు సున్నం రాస్తే పిల్లల పానీయం, రాయకపోతే పెద్దల పానీయం. కరెంటు లేని కాలంలో, నలభై డిగ్రీల ఎండలో, మంచుగడ్డ పేరు వినని పల్లెలో ఇంతకంటే గొప్ప నిలవ విద్య నాకు తెలియదు. కానీ ఆ విద్యకు ఒక హద్దు ఉంది. సున్నం పదనీటిని నిలుపుతుంది గాని కల్లును నిలపలేదు. కల్లుకు కావలసింది చల్లదనం, అదే ఆ సీమలో లేదు.

చల్లదనం ఉన్నచోట ఏం జరిగిందో చూడండి. అమెరికాలో 1933లో మద్యనిషేధం ఎత్తేసినప్పుడు ఇంట్లో ద్రాక్షసారా చేసుకోనిచ్చారు గాని బీరును మరిచిపోయారు. ఆ మతిమరపును సరిదిద్దిన చట్టం మీద జిమ్మీ కార్టర్ 1978 అక్టోబరులో సంతకం పెట్టాడు. పెద్దవాడొక్కడున్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు, అంతకు మించి ఉంటే 200 గ్యాలన్లు, సొంతానికి, పన్ను లేకుండా. ఆ తర్వాత వేలమంది గ్యారేజీల్లో పాత ఫ్రిజ్‌లకు కొత్త జన్మ వచ్చింది. శీతలపానీయాల కంపెనీలు వదిలేసిన పందొమ్మిది లీటర్ల స్టీలు క్యాన్లను చౌకగా కొంటారు. మూత పైకి తెరుచుకునే డీప్ ఫ్రీజర్‌లో వాటిని నిలబెడతారు. ఫ్రీజర్ తనకు తానుగా గడ్డకట్టించేస్తుంది కాబట్టి బయట ఒక చిన్న ఉష్ణ నియంత్రకం పెట్టి, మూడు నాలుగు డిగ్రీల దగ్గర కరెంటు ఆపిస్తారు. కొళాయి బిగించడానికి పక్క గోడకు రంధ్రం పెడితే లోపలి గొట్టాలు తెగి ఫ్రీజర్ చచ్చిపోతుంది. అందుకని మూతకూ పెట్టెకూ మధ్య చెక్క చట్రం ఒకటి కట్టి, దానికే కొళాయిలు బిగిస్తారు. కార్బన్ డయాక్సైడ్ సిలిండరు పది పన్నెండు పౌండ్ల ఒత్తిడితో క్యాన్‌లోకి తోస్తుంటే, ఇంట్లో కాచిన బీరు నెలల తరబడి మొదటి రోజు రుచితోనే నురగ కక్కుతుంది. ఈ పెట్టెలో పెద్ద రహస్యమేమీ లేదు. చల్లదనం, గాలి తగలని మూత, కొంచెం ఒత్తిడి. ఇవి మూడూ ఉంటే పులిసినది ఆగుతుంది, ఆగినదానికి చట్టం కూడా చోటిస్తుంది. విరుదునగర్‌లో అదే పెట్టె కట్టి అదే బీరు కాస్తే జైలు. మద్రాసు మద్యనిషేధ చట్టం 1937 నాటిది, ఇప్పటికీ అమల్లో ఉంది.

ఆ చట్టం పుట్టుక నుంచే పతనమూ మొదలు. 1937 అక్టోబరు 1న రాజాజీ ప్రభుత్వం సేలం జిల్లాలో మద్యాన్ని నిషేధించింది. 1948 అక్టోబరు 2 నాటికి మద్రాసు రాష్ట్రమంతా నిషేధం కిందికి వచ్చింది. కల్లుముంత తలకిందులైంది. ఇరవై ఏళ్లకు పైగా గీతకత్తులకు మిగిలింది సున్నం పూసిన ముంత మాత్రమే. 1971లో కరుణానిధి ప్రభుత్వం నిషేధం ఎత్తేసింది, మూడేళ్లకే మళ్లీ వేసింది. 1981లో ఎం.జి.ఆర్. కల్లు దుకాణాలు తెరిపించారు. 1987 జనవరి 1 నుంచి కల్లును పూర్తిగా ఆపేశారు. ఆ రోజు నుంచి నేటి వరకు తమిళనాట కల్లు గీయడం నేరమే. పక్కనున్న కేరళలో, పుదుచ్చేరిలో, మన రెండు రాష్ట్రాల్లో అది వృత్తి.

ఈ కథలో విరుదునగర్‌కు ప్రత్యేకమైన నొప్పి ఒకటుంది. తాటిచెట్టుతో బతుకు ముడిపడిన నాడార్లు దక్షిణపు ఎర్ర ఇసుక నేలల నుంచి తాటిబెల్లం, ఉప్పు, ఎండుచేపల బండ్లతో ఉత్తరానికి వచ్చి, 19వ శతాబ్దంలో విరుదుపట్టి, సాత్తూరు, శివకాశి, అరుప్పుకోట్టై ఊళ్లలో వర్తకులై నిలదొక్కుకున్నారు. ఆ విరుదుపట్టే నేటి విరుదునగర్. చెట్టెక్కే మనిషిని లోకం ఎంత నీచంగా చూసిందో వాళ్ల తాతలకు తెలుసు. గుడిలోకి రానివ్వలేదు, దూరంగా నిలబెట్టారు. ఆ అవమానం నుంచి బయటపడే దారిగా వాళ్లు చదువును ఎంచుకున్నారు. ఇంటింటి నుంచి పిడికెడు బియ్యం పోగుచేసి బడి నడిపారు. అక్కడి క్షత్రియ విద్యాశాలలో చదివిన కామరాజ్ 1954 నుంచి 1963 దాకా ముఖ్యమంత్రి. ఆయన పాలన మొత్తం మద్యనిషేధంలోనే గడిచింది. గాంధీ మాట మీద నమ్మకంతో ఆయన దాన్ని నిలబెట్టారు. ఆ నమ్మకాన్ని నేను తప్పుపట్టను. చెట్టు దిగి పుస్తకం పట్టినవాళ్లనూ తప్పుపట్టను, పిల్లవాడు తండ్రిలా ఛాతీ కాయలు కాయించుకోవాలని ఏ తల్లి కోరుకుంటుంది? కానీ దిగే దారి లేక చెట్టు మీదే ఉండిపోయినవాళ్లున్నారు. చట్టం వాళ్ల మీద పడింది.

1983లో ప్రభుత్వ మద్యం సంస్థ టాస్మాక్ పుట్టింది. 2003లో చిల్లర అమ్మకాలు కూడా దాని చేతికే వచ్చాయి. అప్పటి నుంచి తమిళనాట మద్యం దుకాణం అంటే ప్రభుత్వ దుకాణమే. అక్కడ దొరికేది సీసాలో నెలలు నిలిచేది. డిపోలో లెక్క పెట్టగలిగేది, లారీలో మూడు జిల్లాలు దాటగలిగేది, ముద్ర వేసి పన్ను వసూలు చేయగలిగేది. కల్లు వీటిలో ఏదీ చేయలేదు. పొద్దున గీసినది పొద్దుగూకేలోపు ఆ ఊళ్లోనే అయిపోవాలి. దాని మీద వచ్చే డబ్బు చెట్టు యజమాని, గీసినవాడు, చెట్టు కింద అమ్మే మనిషి మధ్యనే తిరిగి, ఖజానా దాకా రాకముందే ఇంకిపోతుంది. నాకు కనిపించే అసలు కారణం ఇదే. కల్లు నిలవ ఉండలేని పాపానికి పోయింది. ఫ్రిజ్‌లో చల్లగా కూర్చున్న బీరు, అంతకు ఎన్నో రెట్లు ఘాటైన బ్రాందీ దాని చోటు తీసుకున్నాయి. నాలుగు శాతం మత్తును నేరమన్న ప్రభుత్వం నలభై శాతం మత్తును తానే అమ్మింది.

కల్లుకు వ్యతిరేకంగా చెప్పిన మాటల్లో నిజం లేకపోలేదు. కల్తీ అన్నది గట్టి ఆరోపణ, అది మన కళ్లముందే రుజువైంది. తెలంగాణలో ఎన్నో చోట్ల చెట్టు నుంచి దిగినదానికంటే నీళ్లలో మత్తుమందు కలిపి చేసినదే ఎక్కువ పారింది. 2025 జులైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. తాగుడు వల్ల కూలిడబ్బు ఇంటికి చేరక ఏడ్చిన ఆడవాళ్ల మాటను ఎవరూ తేలిగ్గా తీసేయకూడదు. మన దూబగుంట ఆడవాళ్లు సారాను ఊరి పొలిమేర దాటించారు, వాళ్లకు దండం. అయితే కల్తీ పుట్టేది చెట్టు కింద కాదు. చెట్టు నుంచి దూరంగా, ఊరు కాని ఊళ్లో, చెట్లకు మించి గిరాకీ ఉన్నచోట. తాటితోపులోనే గీసి అక్కడే పోసే కల్లును తనిఖీ చేయడం సీసా సరుకును తనిఖీ చేయడం కంటే కష్టమని నేను నమ్మను. తమిళనాట కల్లు మీద నిషేధం ఉన్నా 2024 జూన్‌లో కళ్లకురిచ్చిలో మిథనాల్ కలిసిన సారా 60 మందికి పైగా ప్రాణాలు తీసింది. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది కూలీలు. వాళ్లకు టాస్మాక్ సీసా ఖరీదు, దొంగసారా చౌక. ఆ రెంటికీ నడుమ ఒకప్పుడు కల్లు ఉండేది.

కల్లు ఒక్కటే పోలేదు. గీసేవాడికి ఏడాది ఆదాయంలో అది ముఖ్యమైన పాలు. అది ఆగాక పదనీరు, బెల్లం మాత్రమే మిగిలాయి. బెల్లం కాచడానికి ఇంటి ఆడవాళ్లు రోజంతా పొయ్యి దగ్గర కూర్చోవాలి, కట్టెలు కొనాలి. అంత చేసినా ధర దళారి చేతిలో. వేంబార్, ఉడన్‌గుడి కరుప్పట్టి పేరు నిలబెట్టుకున్నా, కరిసల్ లోపలి పల్లెల్లో పొయ్యిలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. కోవిల్‌పట్టి పల్లీపట్టీకి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మొదట్లో తాటిబెల్లంతో చేసేవారని చెప్పుకొనే ఆ మిఠాయిని ఇప్పుడు చెరకు బెల్లంతో చేస్తున్నారు. చెట్టు ఎక్కేవాళ్ల పిల్లలు అగ్గిపెట్టెల పనికి, బాణసంచా పనికి, తిరుప్పూర్ బట్టల మిల్లులకు పోయారు. ఎక్కే మనిషి లేని చెట్టు యజమానికి కట్టెగానే కనిపిస్తుంది. ఇటుక బట్టీలు నిలువు చెట్టుకు ధర కట్టాయి. నూరేళ్లు బతకగల మాను ఒక్క కాల్పులో బూడిద. రాష్ట్ర వృక్షం అన్న పేరు దాన్ని ఆ బట్టీ నుంచి తప్పించలేదు.

చల్లదనం చివరికి వచ్చింది, కానీ కొబ్బరి చెట్టుకు. కాసరగోడ్‌లోని కేంద్ర తోటపంటల పరిశోధన సంస్థ ఒక పెట్టె తయారు చేసింది. గెల కొసకు తగిలించే ప్లాస్టిక్ గొట్టం, దాని చివర మంచుముక్కలు నింపిన అర, మధ్యలో రసం పట్టే పాత్ర. రాత్రంతా కారిన రసం పులియకుండా, సున్నం అక్కర్లేకుండా, తీపి చెడకుండా దిగుతుంది. అమెరికా గ్యారేజీలో ఫ్రీజర్ చేసే పనినే ఆ చిన్న పెట్టె చెట్టుకొసన చేస్తుంది. అలా దిగిన రసానికి కల్పరస అని పేరు పెట్టారు. హైదరాబాదు నెక్లెస్ రోడ్డులో 2023 మేలో నీరా కేఫ్ తెరిచి, చల్లబరిచిన నీరాను, అంటే పులియని రసాన్ని, గ్లాసుల్లో పోశారు. తమిళనాడు కూడా 2017లో కొబ్బరి నీరాకు అనుమతి ఇచ్చింది. కరిసల్ సీమలో పాలు చల్లబరిచే యంత్రాలు వచ్చి చాలాకాలమైంది. పల్లెల పాలు నాలుగు డిగ్రీల దగ్గర నిలిచి నగరాలకు పోతున్నాయి. అదే చల్లదనాన్ని ముప్పై ఏళ్ల ముందు తాటిముంతకు ఇచ్చి ఉంటే, ‘నిలవ ఉండదు’ అన్న నేరారోపణే ఉండేది కాదు.

2021 వ్యవసాయ బడ్జెట్‌లో తమిళనాడు ప్రభుత్వం కలెక్టరు అనుమతి లేకుండా తాటిచెట్టు కొట్టరాదని చెప్పింది. లక్షల గింజలు పంచింది. మంచి పని, మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి. అయితే తాటి గింజ చెట్టై గెల వేయడానికి దాదాపు పదిహేనేళ్లు పడుతుంది. ఆ గింజల చెట్లు గీతకు వచ్చేసరికి దాదాపు 2036 అవుతుంది. అప్పటికి ఎక్కేవాడెవడు? నాటిన ప్రభుత్వమే గీత నేర్పే బడి కూడా పెట్టాలి. చెట్టు కింద, ఆ పూటకు, ఆ ఊరికి మాత్రమే అమ్ముకొనేలా 1937 చట్టంలో ఒక సవరణ తేవాలి, దానికి తనిఖీ ఉండాలి. ఇదంతా ఇప్పుడే జరగాలి. గెలను ఎంత మెల్లగా నలపాలో, కొసను ఎంత పలచగా చెక్కాలో చేతితో చూపించగల పెద్దవాళ్లు వేంబార్‌లో, సాయల్‌గుడిలో ఇంకా ఉండగానే.